మా చిమ్నీ రీడింగ్: మైనస్ 38

అనంతపురంలో మా మామకు చిన్న శనక్కాయ నూనె మిల్లు ఉంది. గింజలను ఎక్స్‌పెల్లర్‌లో, అంటే నూనె పిండే యంత్రంలో వేసే ముందు ఆవిరి పట్టాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు మేత ఆ శనక్కాయల పొట్టే. కాయను దాని చొక్కాతోనే ఉడికిస్తున్నామని మామ సందు దొరికినప్పుడల్లా గొప్పగా చెప్పుకుంటూ ఉంటాడు.

ఒకరోజు పొద్దున్నే పక్కింటి పెద్దమ్మ ఒక పళ్ళెం తెచ్చి మామ ముందు పెట్టింది. అందులో బియ్యపు వడియాలు ఉన్నాయి. మిద్దె మీద ఆరబోసినప్పుడు తెల్లగా ఉన్నవి, మా చిమ్నీ ఆశీర్వాదంతో నువ్వుల వడియాల్లా మారాయి. "నాయనా, నేను నువ్వులు వేయలేదు" అని మాత్రం చెప్పి ఆమె వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే మామ మరిచిపోయేవాడు. తిట్టకపోవడంతో పట్టుదల వచ్చి, చిమ్నీ పొగను పరీక్షించే మిషన్ కొనాల్సిందేనని ఆ సాయంత్రమే తీర్మానించాడు.

వారం తిరగకముందే ఒక కంపెనీ కుర్రాడు మూడు పెట్టెలతో వచ్చాడు. మొదటిది ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ అనే రెండు వాయువులను మాత్రమే చూస్తుంది, రెండోది నాలుగింటిని, మూడోది ఆరింటిని. కుర్రాడు బుద్ధిమంతుడు, మొదటే అడగాల్సిన ప్రశ్న అడిగాడు: "సార్, మీరేం కాలుస్తారు?" మామ ఆ ప్రశ్నను ఈగను తోలినట్టు తోలేశాడు.

"అది తర్వాత చూస్తాంలేప్పా. ఎన్ని గ్యాసులు చూస్తాదో అది చెప్పు."

"ఇది ఆరు సార్. కానీ మీ బాయిలర్‌కు..."

"ఆరుదే ఇయ్యి. పెండ్లికి చీర కొనేటప్పుడు అంచు తక్కువదే చాలంటామా?"

ఆ ఆరింటిలో సల్ఫర్ డయాక్సైడ్ ఒకటి. శనక్కాయ పొట్టులో గంధకం ఉండేదే బహు తక్కువ. బాయిలర్ సరిగా మండుతోందో లేదో తెలుసుకోవడానికి ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, పొగ వేడి, చిమ్నీలో గాలి లాగుడు తెలిస్తే మాకు సరిపోయేది. ఈ మాట నేను గొణిగాను, మామ వినలేదు. మిషన్‌ను బీరువాలో భద్రంగా దాచి ఏడాదికి ఒకసారి ఆయుధపూజకు బయటికి తీద్దామని ఆయన అప్పటికే ఆలోచిస్తున్నాడు. అందులో ఆక్సిజన్‌ను పసిగట్టే సెల్ వాడినా వాడకపోయినా అరిగిపోతుందనీ, దాదాపు రెండేళ్ళు తిరిగేసరికి మార్చాల్సి వస్తుందనీ కుర్రాడు చెప్పినప్పుడు మామ ముఖంలో, పెండ్లయ్యాక అల్లుడి అప్పులు బయటపడిన మామగారి కళ కనిపించింది.

ఇంధనం పేరు నొక్కమని మిషన్ అడిగితే, వరుసలో మొదట ఉందని మామ సహజ వాయువును నొక్కాడు. ఇది చిన్న విషయం కాదు. చాలా మిషన్లు బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) నేరుగా వాసన చూడవు, ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, ఇంధనాన్ని బట్టి లెక్క కట్టి చెబుతాయి. ఆ లెక్కలో సహజ వాయువుకు గరిష్ఠం దాదాపు 12 శాతం, కట్టె, పొట్టు లాంటివాటికి దాదాపు 20. మా మిషన్ ఆ క్షణం నుంచి మా శనక్కాయ పొట్టును గ్యాస్ పైపులో వచ్చిన వస్తువుగా భావిస్తూ, తడుముకోకుండా తప్పు అంకెలు చెప్పడానికి సిద్ధమైంది.

అసలు ముచ్చట పరీక్ష రోజున జరిగింది. శుక్రవారం, మంచి ముహూర్తం. బాయిలర్ పక్కన బల్ల వేసి, మిషన్‌కు పసుపు రాసి, తెరకు కుంకుమ బొట్టు పెట్టి, పెట్టె పిడికి నిమ్మకాయ కట్టి, ఎర్రటి బొగ్గుల మీద మామ స్వహస్తాలతో సాంబ్రాణి చల్లాడు. కుర్రాడు ఫోన్ వచ్చి గేటు బయటికి వెళ్ళాడు. సాంబ్రాణి దట్టంగా కమ్ముకున్న ఆ శుభ ఘడియలో మామ బటన్ నొక్కాడు.

ఇలాంటి మిషన్ తెరుచుకున్న మొదటి నిమిషంలో చుట్టూ ఉన్న గాలిని పీల్చి, ఇదే శుద్ధమైన గాలి, ఇందులో ఆక్సిజన్ 20.9 శాతం, కార్బన్ మోనాక్సైడ్ లాంటి విషవాయువు సున్నా అని గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత చూసే ప్రతిదాన్నీ దానితోనే పోలుస్తుంది. మా మిషన్ బొగ్గుల పొగను పీల్చి, అదే ఈ లోకపు స్వచ్ఛత అనుకుంది.

చిమ్నీకి ప్రోబ్, అంటే మిషన్ పొగ పీల్చే గొట్టం, దూర్చడానికి రంధ్రం కావాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఎప్పుడో థర్మామీటరు కోసం కొట్టి, తర్వాత గోనెపట్ట కుక్కిన పాత బొక్క ఒకటుందని బాయిలర్ పెద్దాయన గుర్తు చేశాడు. పట్ట లాగితే పిడికిలి పట్టేంత బొక్క. అందులో వేలి లావు ప్రోబ్‌ను మొన వరకే దూర్చి పట్టుకున్నాడు. చిమ్నీ లోపలికి లాగుతుంది కాబట్టి, పొగ బయటికి రాకపోగా బయటి గాలే సర్రున లోపలికి పోతోంది, మిషన్ దాన్నే తాగుతోంది.

తెర మీద అంకెలు వచ్చాయి. ఆక్సిజన్ 20.8. కార్బన్ మోనాక్సైడ్ మైనస్ 38 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళనే లెక్క).

మామ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. "అల్లుడూ, 20.9కి 20.8! ఒక్క పాయింటు పోయింది. మైనస్ అంటే ఏందిరా, మన చిమ్నీ ఊర్లో ఉన్న విషాన్ని కూడా పీల్చేస్తాందన్నమాట!" అని కేక పెట్టి, పెద్దమ్మను పిలుచుకు రమ్మని మనిషిని పంపాడు. వచ్చినవాళ్ళందరికీ ఉగ్గాని, బజ్జీ తెప్పించాడు. ఫోన్ ముగించుకుని వచ్చిన కుర్రాడు తెరను చూశాడు, సాంబ్రాణి పళ్ళెం చూశాడు, బొక్క చూశాడు, తర్వాత చాలాసేపు ఎవరినీ చూడలేదు.

మిషన్‌ను గేటు బయట వేపచెట్టు కిందికి తీసుకెళ్ళి ఆపి, మళ్ళీ తెరిచి, ఇంధనం మార్చి, ప్రోబ్‌ను చిమ్నీ మధ్యకంటా దూర్చి, చుట్టూ తడిగుడ్డ కుక్కాక నిజం బయటపడింది. ఆక్సిజన్ 14. అంటే పొట్టు మండడానికి కావలసినదానికి మూడింతల గాలి పోతోంది. పొగ కంటికి కనబడకూడదని మామే ఆజ్ఞాపించాడట, పెద్దాయన ఫ్యాన్ డ్యాంపర్‌ను, అంటే గాలిని అదుపు చేసే రేకును, బార్లా తెరిచాడట. మనం కాల్చిన పొట్టులో బోలెడంత వేడి చిమ్నీ గుండా ఆకాశానికి పోతోందని కుర్రాడు వివరించాడు. మే నెలలో అనంతపురం ఆకాశాన్ని వేడి చేయడానికి ఒకరు కష్టపడాలా?

"ఆక్సిజన్‌ను ఏడు దగ్గరికి తెస్తే మేలు సార్, అప్పుడు అదనపు గాలి కావలసినదానిలో సగమే" అన్నాడు. పెద్దాయన డ్యాంపర్‌ను కాస్త మూసి, ఆవిరి తగ్గుతుందేమోనన్న భయంతో తడి పొట్టు రెండు గంపలు ఒక్కసారిగా కుమ్మరించాడు. మంట అణిగింది, పొగ ముదిరింది. కార్బన్ మోనాక్సైడ్ 900, 2,100, 3,800 అని ఎక్కి, సెల్ భరించగల 4,000 దాటేసరికి మిషన్ కీచుమని అరిచి కొలవడం మానేసింది. గొట్టంలోని నీటి బుడ్డి నిండింది, తెల్లటి ఫిల్టర్ కాఫీ గుడ్డ రంగుకు తిరిగింది. "మూర్ఛ వచ్చిందా?" అని మామ నీళ్ళు చల్లబోతే అందరం చెయ్యి పట్టుకున్నాం.

అప్పుడు పెద్దమ్మ నెమ్మదిగా అడిగింది: "నాయనా, నా వడియాల మీద పడే మసి ఎంతని చెప్పింది ఇది?"

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. మసిని ఈ మిషన్ కొలవదట. పైగా దాన్ని ఫిల్టర్‌లోనే ఆపి, మిగిలిన వాయువునే లోపలికి రానిస్తుందట. మసి కొలవడానికి పనిముట్లు వేరే ఉన్నాయట. మామ నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది.

ఆరు వాయువుల పెట్టె మర్నాడే వెనక్కి వెళ్ళింది. బదులుగా రెండే వాయువులు చూసేది, కానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఇంకా పైదాకా తట్టుకునేది, పెద్ద ఫిల్టర్ ఉన్నది వచ్చింది. దాన్ని తెరిచేటప్పుడు సాంబ్రాణి పళ్ళెం వీధి చివర ఉంచారు. ఆ సాయంత్రం కుర్రాడు కంపెనీ నుంచి ఫోన్ చేశాడు: "సార్, వాపసు పెట్టెకు నిమ్మకాయ ఒకటి కట్టి ఉంది. స్టోరు వాళ్ళు అడుగుతున్నారు, దాన్ని ఏ విడిభాగం కింద రాసుకోమంటారు?"