ఆ 8 అంకెలకు తాళం ఎందుకు?

ఫోన్‌లో *#06# కొట్టండి, 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. అందులో మొదటి 8 అంకెలు ఆ ఫోన్ ఏ మోడలో చెబుతాయి, వాటినే ట్యాక్ అంటారు. తర్వాతి 6 ఆ ఒక్క ఫోన్‌కే సొంతమైన సీరియల్ నంబర్, చివరిది తప్పులు పట్టుకోవడానికి. ఫలానా ట్యాక్ అంటే ఫలానా మోడల్ అని చెప్పే పూర్తి జాబితా మొబైల్ నెట్‌వర్క్ కంపెనీల అంతర్జాతీయ సంఘమైన జీఎస్ఎంఏ దగ్గర ఉంది, కానీ మొత్తం కావాలంటే లైసెన్స్ తీసుకోవాల్సిందే.

ఇది నాకు అస్సలు నచ్చదు. వైఫై, బ్లూటూత్ లాంటి వాటికి ఉండే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు నంబర్ మొదటి భాగం చూసి ఏ కంపెనీదో తెలుసుకునే జాబితాను సాంకేతిక ప్రమాణాలు రూపొందించే ఐఈఈఈ సంస్థ ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టింది కదా. మోడల్ పేరు ఎవరి రహస్యమూ కాదు, అది ఫోన్ డబ్బా మీదే ఉంటుంది. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లకి, అది నిజంగా అమ్మేవాడు చెప్పిన మోడలేనా అని చూసుకోవడానికి ఈ జాబితా ఎంత పనికొస్తుందో ఆలోచించండి.

ఓపెన్‌గా దొరికేవి లేకపోలేదు. మొబైల్ నెట్‌వర్క్‌ల కోసం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసే ఆస్మోకామ్ వాళ్లు జనం ఇచ్చిన వివరాలతో ఒక ట్యాక్ డేటాబేస్ నడిపారు. చిక్కేమిటంటే, సీరియల్‌కి ఉన్నవి 6 అంకెలే కాబట్టి ఒక ట్యాక్ కింద 10 లక్షల ఫోన్లే పడతాయి, బాగా అమ్ముడుపోయే మోడల్‌కి ట్యాక్‌లు ఒకదాని తర్వాత ఒకటి కావాలి, ఆ వేగాన్ని స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు అందుకోవడం చాలా కష్టం. గూగుల్ ప్లే సపోర్ట్ చేసే ఫోన్ల జాబితా ఉచితమే, ఎస్ఎం-జీ991బీ అనే మోడల్ కోడ్ అంటే గెలాక్సీ ఎస్21 5జీ అని అందులో తెలుస్తుంది, ట్యాక్ మాత్రం ఉండదు. ఆపిల్ సంగతికొస్తే ఊహించి చెప్పడం కుదరదు: ఆపిల్ లోపల వాడే ఐఫోన్14,5 అనే కోడ్ ఐఫోన్ 13ది, ఐఫోన్14,7 అనేది ఐఫోన్ 14ది! వెబ్‌సైట్లు చూసే యూజర్ ఏజెంట్‌లో, అంటే బ్రౌజర్ తన గురించి వాటికి పంపే వివరంలో కూడా ఆండ్రాయిడ్ క్రోమ్ ఇప్పుడు మోడల్ పేరు బదులు 'కె' అనే ఒక్క అక్షరం పంపుతోంది. మనుషుల మీద నిఘా తగ్గించడానికి చేసిన ఆ మార్పు సరైనదే. కానీ ట్యాక్ జాబితాలో మనుషుల వివరాలే ఉండవు, అందుకే దాన్ని దాచడంలో నాకు న్యాయం కనిపించదు.

ట్యాక్, కంపెనీ, మోడల్ పేరు, ఈ మూడు కాలమ్‌లు ఓపెన్ లైసెన్స్‌తో బయటపెడితే చాలు. అప్పటిదాకా ఓపెన్ డేటాబేస్‌లకి మీ ఫోన్ వివరం ఇవ్వాలనుకుంటే మొదటి 8 అంకెలే ఇవ్వండి, మొత్తం 15 ఎవరికీ ఇవ్వొద్దు.