రికమెండేషన్ లెటర్ నువ్వే రాసుకుని రామ్మా అంటారేంటి సార్

అమెరికాలో బయోమెడికల్ పీహెచ్‌డీకి అప్లై చేసే జూనియర్లందరిదీ ఒకటే గోల, జీఆర్ఈ ఎంత రావాలన్నా, సీజీపీఏ 7.8 సరిపోద్దా అన్నా అని. చాలా బయోమెడికల్ ప్రోగ్రాములు 2018, 19 నుంచే జీఆర్ఈ తీసేస్తూ వచ్చాయిరా బాబూ. మన కొంప ముంచేది అది కాదు, ఆ మూడు ఎల్ఓఆర్‌లు, అంటే రికమెండేషన్ లెటర్లు.

సార్ దగ్గరికెళ్తే "నువ్వే టైప్ చేసి తీసుకురామ్మా, సంతకం పెడతా" అంటారు. పిల్ల పోయి సీనియర్ లెటర్‌లో పేరు మార్చి సిన్సియర్, హార్డ్ వర్కింగ్, గుడ్ మోరల్ క్యారెక్టర్ అని కొట్టుకొస్తది. అవతల కమిటీ వాళ్లకి కావాల్సింది వేరే, ఈ అమ్మాయి వెస్టర్న్ బ్లాట్‌లో (శాంపిల్‌లో ప్రోటీన్ ఉందో లేదో చూసే టెస్ట్) బ్యాండ్ రాకపోతే ఏం చేసింది, కంట్రోల్స్ (పోల్చి చూసుకునే శాంపిల్స్) తనే ఆలోచించి పెట్టిందా, సార్ తన ల్యాబ్‌లోకి మళ్లీ తీసుకుంటారా అని. మోరల్ క్యారెక్టర్ దేనికి, పెళ్లి సంబంధమా?

సార్‌నొక్కడ్నే అని ఏం లాభంలే, పిల్ల బెంచ్ దగ్గర పనిచేస్తుంటే ఆయన చూసిందెప్పుడు? చాలా కాలేజీల్లో పీసీఆర్ మెషీన్ ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప బయటికి రాదు, ఎమ్మెస్సీ ప్రాజెక్టేమో బయట ఏదో సెంటర్‌లో డబ్బులు కట్టి రెడీమేడ్‌గా కొనుక్కోవడం. ఇంక ఆయన రాయడానికి ఏముంటది.

ఇంకోటి, వందమంది ప్రొఫెసర్లకి డియర్ సర్ అని మెయిల్స్ కొట్టి సీటు అడుగుతారు. అంబ్రెల్లా ప్రోగ్రాముల్లో (చాలా డిపార్ట్‌మెంట్లకి కలిపి ఒకే అడ్మిషన్) సీటిచ్చేది కమిటీ, ఫస్టియర్‌లో రెండు మూడు ల్యాబుల్లో రొటేషన్ చేశాకే గైడ్‌ని ఎంచుకునేది. పైగా ఎన్ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) స్టూడెంట్ల ట్రైనింగ్‌కిచ్చే టీ32 గ్రాంట్ల డబ్బు సిటిజన్లకి, గ్రీన్‌కార్డ్ వాళ్లకే, కాబట్టి మనలాంటోళ్లకి ఉండే సీట్లే తక్కువ. 2025లో ఫండింగ్ గొడవల్లో యూమాస్ చాన్ మెడికల్ స్కూల్ అయితే ఇచ్చిన ఆఫర్లే వెనక్కి తీసుకుంది. ఇంత టైట్‌గా ఉన్నచోటికి కాపీ లెటర్ పంపి, ఒక్కో అప్లికేషన్‌కి 75, 100 డాలర్లు తగలేసి, రిజెక్ట్ వస్తే దేవుణ్ణి తిట్టుకోవడం. కన్సల్టెన్సీ వాళ్లు ఇవన్నీ చెప్పరు, ట్యూషన్ ఫీజు లేకుండా ఎదురు స్టైపెండ్ ఇచ్చే కోర్సులో వాళ్లకి కమీషన్ ఎక్కడిది, అందుకే ఎమ్మెస్ ఎమ్మెస్ అని తోస్తారు.

డిగ్రీలో ఉన్నవాళ్లు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కి పెట్టండి, రెండు నెలలు అసలైన ల్యాబ్‌లో ఉండొచ్చు. ఎమ్మెస్సీ అయిపోయిందా, హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి రీసెర్చ్ సెంటరో, సెంట్రల్ యూనివర్సిటీ హెచ్‌సీయూవో, ఎక్కడైనా ప్రాజెక్ట్ అసోసియేట్‌గా ఒక ఏడాది చెయ్యండి, నీ ఫెయిలైన ఎక్స్‌పరిమెంట్లు కూడా చూసిన మనిషి ఒకరుంటారు. ఇంట్లో "ఇంకో ఏడాది వేస్టా" అంటారు, అననీ.

ఇక సార్లకి ఒక్క మాట. పిల్లలు ఒకటో రెండో పేజీల్లో వాళ్లేం చేశారో రాసిస్తే అది చూసి లెటర్ మీరే రాయండి. డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్ 1 చుట్టుపక్కలే, అప్‌లోడ్ లింక్ నేరుగా మీకే వస్తుంది. కాలేజీ మెయిల్ ఓపెన్ చేసి చాన్నాళ్లయుంటది, స్పామ్ కూడా చూడండి సార్, ప్లీజ్.