మాల్దీవుల వ్రతకల్పం

మన నోముల్లో ఎంత చిన్నదానికైనా ఏదో ఒక పని ఉంటుంది. పసుపు ముద్దను గౌరమ్మగా చేయాలి, తోరం కట్టుకోవాలి, కథ వినాలి, ఏదీ కుదరకపోతే అక్షతలైనా నెత్తిన వేసుకోవాలి. ఏ పనీ చేయకపోవడమే నియమంగా ఉన్న వ్రతం ఒక్కటే: మాల్దీవుల్లో, సముద్రపుటొడ్డు విల్లాలో, నాలుగు రాత్రుల దీక్ష. కొత్త దంపతులు, బోనస్ అందుకున్న ఐటీ వాళ్లు, పాతికేళ్ల పెళ్లిరోజు వాళ్లు భక్తిగా ఆచరిస్తూనే ఉన్నారు గానీ, విధానం తెలియక సగం మంది వ్రతభంగం చేసుకుని వస్తున్నారు. అందుకే ఈ కల్పం.

ముందు క్షేత్రమహిమ. అక్కడ తొలి రిసార్టు కురుంబా 1972లో తెరిచారు. అప్పటినుంచీ నడుస్తున్న సూత్రం ఒక దీవికి ఒక రిసార్టు. సుమారు 1,200 దీవుల దేశంలో జనం కాపురముండేవి రెండొందలకు మించవు, మీరు దిగే దీవి వాటిలోది కాదు. అక్కడ ఊరు లేదు, వీధి లేదు, సందు చివర టీకొట్టు లేదు. ‘పక్క హోటల్లో ఇందులో సగమే కదా’ అందామంటే పక్క హోటలు ఇంకో దీవిలో ఉంటుంది, మధ్యలో సముద్రం. ప్రకటనల్లో దీన్ని ఏకాంతం అంటారు. వ్యాపారం తెలిసినవాళ్లు గుత్తాధిపత్యం అంటారు. మీరు డబ్బు కట్టేది అక్కడ ఉన్నవాటికి కాదు, లేనివాటికి. ఈ సంగతి మనసుకు పట్టించుకోనివాడికి ఫలశ్రుతి లేదు.

ఇక సంకల్పం. ఇందులో గోత్రనామాల కంటే ముఖ్యమైనవి ధర పక్కన ఉండే రెండు కూడిక గుర్తులు. రాత్రికి 600 డాలర్లు ++ అని రాశారనుకోండి. మొదటి ప్లస్సు సర్వీస్ చార్జీ, 10 శాతం. రెండోది పర్యాటక జీఎస్టీ, 2025 జులై నుంచి 17 శాతం. ఈ రెండోది మొదటిదాన్ని కూడా కలుపుకుని లెక్కిస్తారు కాబట్టి పడేది 27 కాదు, 28.7 శాతం. నాలుగు రాత్రుల 2,400 కాస్తా 3,088 డాలర్ల 80 సెంట్లు అవుతుంది. దానిమీద గ్రీన్ టాక్స్, రిసార్టుల్లో తలకి రాత్రికి 12 డాలర్లు. 2024 చివరిదాకా ఇది 6 ఉండేది. ఇద్దరికీ 96. మిమ్మల్ని దీవికి చేర్చే సీప్లేన్‌కి, అంటే నీళ్ల మీద వాలే విమానానికి, అన్నీ కలిపి మనిషికి రానూపోనూ 500 అనుకుంటే మొత్తం 4,184 డాలర్ల 80 సెంట్లు. మీరింకా మంచినీళ్లు తాగలేదు. అవి ఎవరి ఖాతాలోనో కూడా బుకింగ్ ముందే అడగాలి. హాఫ్ బోర్డ్ అంటే పొద్దుటి ఫలహారం, రాత్రి భోజనం మాత్రమే. రాత్రి బల్ల మీద పెట్టిన నీళ్ల సీసా చాలాచోట్ల ఆ లెక్కలోకి రాదు, నవ్వుతూ మూత తీసినా సరే.

విల్లా ఎంపికలో సూర్యాస్తమయం వైపుకి ధర ఎక్కువ. ఒకే సూర్యుడు తూర్పున చవగ్గా ఉదయించి పడమర ఖరీదుగా అస్తమిస్తాడన్నమాట. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి కూడా ఆ పడమటి వైపు నుంచే కొడుతుంది. ఎక్కువ డబ్బిచ్చిన వాళ్ల వసారాలో తువ్వాళ్లు ఎగిరిపోతుంటే, తక్కువిచ్చిన తూర్పువాళ్లు మడుగులాంటి నీళ్లలో హాయిగా మునుగుతుంటారు.

ప్రయాణ నియమాలు కఠినమైనవి. ఇముగా అనే ప్రయాణికుల వివరాల ఫారం ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఆన్‌లైన్లో నింపాలి. అది ఉచితం. డబ్బడిగిన వెబ్‌సైటు ఏదైనా అసలుది కాదు. మందు సీసాలు తీసుకెళ్తే కస్టమ్స్ వాళ్లు దీవుల్లోకి రానివ్వరు. పూజా విగ్రహాలూ నిషిద్ధమే కాబట్టి ఏ పూజైనా మానసికంగానే. సీప్లేన్‌లో సామాను మనిషికి 20 కిలోలు, చేతిసంచి 5. ఆ పైన కిలో లెక్కన వసూలు. అత్తగారు కట్టించిన ఆవకాయ సీసా ఊళ్లో పడినదానికంటే ఖరీదు పలికేది ఈ తూకం దగ్గరే. ఆ ట్విన్ ఆటర్ విమానాన్ని పైలట్లు ఒట్టి కాళ్లతో నడుపుతారు. క్షేత్రానికి తగిన ఆచారం. చీకటి పడితే మాత్రం అది లేవదు. మధ్యాహ్నం మూడున్నర దాటాక రాజధాని మాలేలో దిగే టికెట్టు చవగ్గా దొరికిందని మురిసినవాళ్లు ఆ రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలేలో ఏ లాడ్జిలోనో పడుకుని, దూరాన ఖాళీగా ఉన్న తమ విల్లాకి అద్దె కడుతుంటారు. ఏమీ చేయకపోవడం అక్కడికి వెళ్లకముందే మొదలైపోతుంది.

దిగగానే గడియారం గొడవ. మాలే కాలం మనకంటే అరగంట వెనక. చాలా రిసార్టులు దానికి గంట కలిపి సొంత ‘దీవి కాలం’ పెట్టుకుంటాయి, సాయంత్రం వెలుగు కాస్త ఎక్కువసేపు ఉంటుందని. అంటే మన టైముకి అరగంట ముందు. ఫోన్ చూపించేది మాలే కాలం, రెస్టారెంటు మూసేది దీవి కాలం. ఈ తేడాలో పోయిన బ్రేక్‌ఫాస్టులు ఎన్నో. హాఫ్ బోర్డు దంపతులకి బ్రేక్‌ఫాస్టు పోవడమంటే మధ్యాహ్న భోజనమూ పోయినట్టే, ఎందుకంటే పదిన్నరకి కూర్చుని రెండూ కలిపి లాగించడమే వాళ్ల అసలు వ్యూహం.

ఇప్పుడు ఇసుక. కవులు ముత్యాల పొడి అన్నా తప్పులేదు గానీ, అందులో పెద్ద భాగం చిలుకచేప విసర్జన. ఆ చేప పగడపు రాతిని ముక్కులాంటి పళ్లతో గీకి, గొంతులో ఉన్న ఇంకో వరస పళ్లతో పిండిచేసి, నాచును అరిగించుకుని, మిగిలిన సున్నపు పొడిని వెనకనుంచి వదిలేస్తుంది. పెద్ద చేప ఒక్కటి ఏడాదికి వందల కిలోలు ఉత్పత్తి చేయగలదు. సున్నపు తెలుపు కావడం వల్లే మిట్టమధ్యాహ్నం కూడా ఆ ఇసుక మన బీచుల్లా అరికాలు మాడ్చదు. మన కాలవగట్టు మీద ముక్కు మూసుకుని నడిచే పెద్దమనిషి ఇక్కడ చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, భార్య చేత వీడియో తీయించుకుంటాడు.

ఆ చేపను ప్రత్యక్షంగా దర్శించాలంటే స్నార్కెలింగ్, అంటే ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలడం. ఇందులో తెలుగు మగవాడికి ఒక జాతీయ ఆటంకం ఉంది: మీసం. మాస్కు అంచు చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు ఆగుతాయి. మీసం వెంట్రుకల సందుల్లోంచి బొట్టుబొట్టుగా దిగి ముక్కు దాకా వస్తాయి. ముక్కు కింద సన్నటి గీతలా మీసం గొరిగితే చాలు. అది పరువు తక్కువ అనుకుంటే సిలికాన్ గ్రీజు రాయాలి. వాసెలిన్ రాయకూడదు, మాస్కు రబ్బరుదైతే పాడవుతుంది. అద్దం మసకబారకుండా ఉమ్మి రాసి కడగడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి, పదిమందిలో మొహమాటపడక్కర్లేదు. పొట్టి చేతుల బనీనైనా వేసుకోకుండా గంటసేపు బోర్లా తేలినవాడు ఆ రాత్రి నుంచి బోర్లానే పడుకుంటాడు, పూలరేకులు చల్లిన మంచం మీద. టైటన్ ట్రిగ్గర్ అనే పెద్ద చేప గుడ్లు కాస్తూ మీదికొస్తే పైకి ఈదకండి, అడ్డంగా పారిపోండి. దాని సరిహద్దు గరాటులా పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. భూమి రిజిస్ట్రేషన్ దానికి ఎవరు చేశారో గానీ హద్దురాళ్లు మన సర్వే వాళ్లకంటే నిక్కచ్చిగా వేశారు.

నైవేద్యం పేరు తేలే ఫలహారం. పెద్ద తట్టలో పళ్లు, గుడ్లు, రొట్టెలు పెట్టి మీ కొలనులో వదులుతారు, విడిగా చార్జీ వేస్తారు. తట్టను గాలి అవతలి గట్టుకి తోసేస్తుంది కాబట్టి ఒకరు పట్టుకునే ఉండాలి. జ్యూసు గ్లాసుల్లాంటి బరువులు నడిమధ్యకు జరపాలి. ఒక పక్క నుంచి కాఫీ కప్పు చటుక్కున ఎత్తితే రెండో పక్క ఒరిగి ఆమ్లెట్ క్లోరిన్ నీళ్లలో స్నానం చేస్తుంది. ఫోటో అయ్యాక గట్టు మీద కూర్చుని తినాలి. నీళ్లలో నిలబడి తిని తృప్తిగా లేచినవాళ్లు లేరు. 1981 నాటి ఏర్పాటు కింద ఆ దేశానికి బియ్యం, పంచదార, ఉల్లిపాయలు, గుడ్లు మన దేశం నుంచే వెళ్తుంటాయి. మీ తట్టలో ఉల్లిపాయ మీ ఊరిదే అయ్యుండొచ్చు, అదీ ఓడలో చవగ్గా వచ్చింది. అక్కడిదే తినాలంటే మాస్ హుని అడగండి: ట్యూనా, కొబ్బరి కోరు, ఉల్లి, మిరప కలిపి, రోశి అనే పల్చటి రొట్టెతో. అందులో కాస్త నిమ్మకాయ పిండాక కందిపొడి సంచి విప్పాలనిపించదు.

దీక్షలో ఎక్కువమందికి వచ్చే ఫిర్యాదు ఏసీ పనిచేయడం లేదని. పనిచేస్తుంది. సముద్రం హోరు వినాలని తలుపు బార్లా తీసిపెట్టారు, తలుపు చట్రంలో ఉన్న చిన్న స్విచ్ ఏసీని ఆపేసింది. అక్కడ కరెంటు చాలావరకు డీజిల్ జనరేటర్ది. దేశంలో నేల చాలావరకు సముద్రమట్టానికి మీటరు ఎత్తు కూడా ఉండదు. సముద్రం మింగేస్తుందని ప్రపంచానికి చెప్పడానికి 2009 అక్టోబరు 17న అప్పటి అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ మంత్రుల వీపుకి గాలి సిలిండర్లు కట్టించి నీటి అడుగున కేబినెట్ సమావేశం పెట్టారు. ఆ దేశంలో, తలుపు తీసి ఉండగా 18 డిగ్రీలు కావాలని రిసెప్షన్‌తో వాదించడం మన హక్కు. 12 డాలర్లు కట్టాం కదా, ఆకుపచ్చవి.

మధ్యలో ఈ వ్రతానికి దేశభక్తి అడ్డొచ్చింది. 2024 జనవరిలో అక్కడి ముగ్గురు ఉపమంత్రులు మన ప్రధాని మీద చూపిన నోటిదురుసుకి మనవాళ్లు బహిష్కారం ప్రకటించారు. అంతకుముందు ఏడాది రెండు లక్షలు దాటిన భారతీయ యాత్రికులు ఆ ఏడాది లక్షా ముప్పై వేల చిల్లరకి తగ్గారు. అందరూ లక్షద్వీప్ వెళ్తామన్నారు. అక్కడికి పర్మిట్ కావాలని తెలిశాక చాలామంది దేశభక్తిని ఇంటి నుంచే కొనసాగించారు.

చివరిది ఉద్వాసన. తిరుగు సీప్లేన్ సమయం ముందురోజు సాయంత్రం గానీ చెప్పరు. చీటీ మీద రాసింది మాలే కాలమా, దీవి కాలమా అని తప్పకుండా అడగండి. ఎకానమీ ప్రయాణికుడికి పడే రెండు విమానాశ్రయ పన్నులు, చెరో 50 డాలర్లు, టికెట్లోనే పట్టేశారు, కౌంటర్ దగ్గర వెతుక్కోనక్కర్లేదు. పగడం ముక్క సంచిలో ఉంటే తీసి పారేయండి, బయటికి తేవడం నేరం. మాలేలో దిగాక చేతి గడియారం గంట వెనక్కి తిప్పుకోండి. మొత్తం బిల్లులో వాపసు వచ్చేది అదొక్కటే.