కాకిలెక్కలే నయం

నాకు జ్వరం మంగళవారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది. చదువుతున్న పేపరు పక్కన పడేసి దుప్పటి కోసం లేచినప్పుడు గోడ గడియారం చూశాను కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను. శుక్రవారం పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెళ్తే, ఫారం నింపే కుర్రాడు "జ్వరం ఎప్పట్నుంచి సార్?" అని అడిగాడు. గడియారంతో సహా మొత్తం చెప్పాను. చాలా మర్యాదగా విన్నాడు. విని, 'జ్వరం మొదలైన తేదీ' అన్న గడిలో రెండు బుల్లి గీతలు గీశాడు.

డిట్టో.

నా పై వరసలో ఉన్నాయనదీ డిట్టోనే. ఆయన పైన ఉన్నావిడదీ డిట్టోనే. మెడ సాచి పేజీ మొదటి వరస చూశాను, అక్కడైనా ఒక తేదీ ఉండకపోతుందా అని. అక్కడా డిట్టోనే. దేనికి డిట్టో బాబూ అంటే "ముందు పేజీకి సార్" అన్నాడు. మరి ముందు పేజీ? దాని ముందు పేజీకి.

ఇంటికొచ్చి 102 డిగ్రీల వేడిలో ఈ విషయం చాలాసేపు ఆలోచించాను. ఆ రిజిస్టర్ల దొంతరలో ఎక్కడో అట్టడుగున, మొట్టమొదటి పుస్తకంలో, మొట్టమొదటి వరసలో ఒక మహానుభావుడు ఉండి ఉండాలి. నిజంగా ఒక తేదీన జ్వరం వచ్చింది ఆయనొక్కడికే. తర్వాతి జ్వరాలన్నీ దానికి నకళ్ళు. ఆయన వణికాడు, లోకం వణికింది. 'జ్వరం తగ్గిన తేదీ' అనే గడి ఫారంలో లేదు కాబట్టి పాపం ఆయనకు ఇప్పటికీ తగ్గినట్టు లేదు. ఆ ఆదిజ్వరుడికి నమస్కారం.

నవ్వకండి. వైరస్‌ల జన్యువులు చదివి జబ్బు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పాకిందో చూసే మాలిక్యులర్ ట్రాకింగ్ అనే శాస్త్రం ఖరీదైన యంత్రాలు పెట్టుకుని వెతికేది కూడా ఆ ఆదిజ్వరుణ్ణే. డెంగీ, చికున్‌గున్యా, జికా, వెస్ట్ నైల్ అన్నీ దోమలు మోసుకొచ్చేవే, ఆర్‌ఎన్‌ఏ అనే జన్యుపదార్థం ఉన్న వైరస్‌లే. ఒక్కోటి దాదాపు 11,000 అక్షరాల ఉత్తరం. నకలు రాసుకునేటప్పుడు అక్షరదోషాలు చేస్తుంది, దిద్దుకోదు. పరీక్షలో కాపీ కొట్టినవాళ్ళను మాస్టారు ఎలా పట్టుకుంటారు? ఒకే తప్పు ఇద్దరు రాస్తే. ఇక్కడా అదే పద్ధతి. రోగుల్లోని వైరస్‌ల తప్పులు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరిది ఎవరి పేపర్లోంచి దిగిందో తెలిసిపోతుంది. పేపర్ల మీద తేదీలు కూడా ఉంటే, తప్పులు ఏ వేగంతో పెరుగుతున్నాయో లెక్కగట్టి, ఈ వంశం ఇక్కడికి ఇంచుమించు ఫలానా నెలలో వచ్చిందని చెప్పొచ్చు. తేదీలు ఉంటే.

ఒక్కోసారి ఆ తప్పే వైరస్‌కు కలిసొస్తుంది. 2005-06లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో చికున్‌గున్యాకు ఒక్క అక్షరం మారింది. ఆ మార్పుతో ఈడిస్ ఆల్బోపిక్టస్ అనే దోమ దానికి బాగా అచ్చొచ్చింది. ద్వీపంలో మూడో వంతు జనం మంచమెక్కారు. ఒక్క అక్షరం తేడాకు అంత జరిగింది. మనం తేదీలో ఎనిమిది అంకెలూ ఎగ్గొడుతున్నాం.

ఈ వైరస్‌ల కోసం దోమల్నీ పరీక్షిస్తారు. దోమలకు ఇలాంటి అన్యాయం జరగదు. వాటిని పిలవడానికి ట్రాప్ దగ్గర డ్రై ఐస్ పెడతారు. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను ఎవరిదో ఊపిరి అనుకుని దోమ వచ్చి పడుతుంది. పడ్డవాటిని చల్లటి పలక మీద పరిచి, ఒక్కోదాన్నీ మైక్రోస్కోప్ కింద చూసి జాతి తేల్చి, ఒకే జాతివి 50 దాకా ఒక ట్యూబులో వేసి నూరి పీసీఆర్, అంటే వైరస్ జన్యువును వెతికే పరీక్ష, చేస్తారు. ట్యూబు మీద పట్టిన చోటు, పట్టిన తేదీ, జాతి, ఎన్ని ఉన్నాయో అంతా ఉంటుంది. కొన్ని చోట్ల తేనె రాసిన కార్డు కూడా పెడతారు. దోమ తేనె తాగుతూ దాని మీద ఉమ్ముతుంది, ఆ ఉమ్మిలో వైరస్ ఉందేమో చూస్తారు. తేనె! నాకు కూర్చోవడానికి బల్ల కూడా వెయ్యలేదు. ఈసారి శాంపిల్ ఇవ్వాల్సి వస్తే దోమగా వెళ్తాను.

ఒక్క తేదీకి ఇంత రాద్ధాంతమా అనేవాళ్ళు ఉంటారు. డెంగీ వైరస్ రక్తంలో బాగా దొరికేది మొదటి 5 రోజులు, కాస్త అటూ ఇటూ. పీసీఆర్‌కు అదే అదను. అది దాటితే ఐజీఎం యాంటీబాడీలు, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునే పదార్థాలు, వెతుక్కోవాలి. అక్కడ ఇంకో తలనొప్పి. డెంగీ, జికా, వెస్ట్ నైల్ దాయాదులు, ఒకరిని పిలిస్తే ముగ్గురూ పలుకుతారు. పైగా ఐజీఎం రెండు మూడు నెలలు రక్తంలో ఉండిపోతుంది, అది ఈ జ్వరానిదో పోయిన జ్వరానిదో అదే చెప్పదు. ఇక తేదీ కూడా లేకపోతే చివరికి మిగిలేది మనకు కంఠోపాఠమైన ఆ రెండు మాటలే: "ఏదో వైరల్." దొంగతనం కేసులో "ఎవరో మనిషి" అని రాసి ఫైలు మూసేసినట్టు.

ఈ దాయాదుల గొడవ 1999లో న్యూయార్క్‌నూ తికమక పెట్టింది. ఆగస్టులో మెదడువాపు కేసులు వచ్చాయి. యాంటీబాడీలు చూసి సెప్టెంబరు మొదట్లో ఈ దాయాదుల్లోనే ఇంకొకటైన సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అని ప్రకటించారు. అదే నగరంలో కాకులు టపటపా రాలిపోతున్నాయి. మనుషుల దర్యాప్తు ఒక దారిన, పక్షులది ఇంకో దారిన నడిచాయి. బ్రాంక్స్ జూలో ఫ్లెమింగోలు కూడా పోవడం మొదలయ్యాక అక్కడి పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా, సెయింట్ లూయిస్ వైరస్ పక్షుల్ని ఇలా చంపదు కదా అని పట్టుబట్టారు. నెలాఖరుకు తేలింది, అది వెస్ట్ నైల్. అమెరికా ఖండాల్లో అంతకుముందు ఎన్నడూ కనబడని వైరస్. జన్యుక్రమం చదివితే 1998లో ఇజ్రాయెల్‌లో చచ్చిన ఒక పెద్దబాతులో దొరికినదానికి దాదాపు అచ్చు నకలు. ఆ ఏడాది 62 మంది జబ్బుపడ్డారు, 7 మంది చనిపోయారు. తర్వాత చచ్చిన కాకుల్ని లెక్కపెట్టడం నిఘాలో భాగమైంది. మనమేమో దొంగ అంకెలకు కాకిలెక్కలని పేరు పెట్టాం! కాకి చచ్చినచోట పడి ఉంటుంది, పక్క కాకికి డిట్టో పెట్టదు.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను. బ్రెజిల్ దగ్గర నావల్ల కాదు. జికా ఏమీ కొత్త వైరస్ కాదు, 1947లోనే ఉగాండా అడవిలో ఒక కోతి రక్తంలో దొరికింది. బ్రెజిల్‌లో అది ఉందని ధ్రువీకరించింది 2015 మేలో. 2016లో శాస్త్రవేత్తలు జన్యుక్రమం చదివే, అరచేతిలో పట్టే సీక్వెన్సర్లను బస్సులో వేసుకుని ఈశాన్య బ్రెజిల్‌లో తిరిగారు. అక్షరదోషాలు లెక్కగడితే, 2014 ఫిబ్రవరి నాటికే వైరస్ అక్కడ పాతుకుపోయిందని తేలింది. ఏడాదికి పైగా! కాస్త జ్వరం, ఒంటి మీద దద్దు, నాలుగు రోజుల్లో మాయం. డెంగీ అయ్యుంటుంది, లేదా ఏదో వైరల్. ఆ ఏడాదిలో ఎంతమంది గర్భిణులను దోమ కుట్టిందో ఎవరైనా లెక్కపెట్టారా? 2015 చివర్లో చిన్న తలలతో పిల్లలు పుట్టాక గానీ ఆ వైరస్ పేరు లోకానికి నోరు తిరగలేదు. ముందే తెలిస్తే ఆ తల్లులు దోమతెరలో పడుకునేవాళ్ళు, గర్భం కొన్నాళ్ళు వాయిదా వేసుకునేవాళ్ళు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ వెతకలేదు.

డెంగీ సంగతి మాత్రం? నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గినవాళ్ళకు మరో రకం సోకితే ప్రాణం మీదికొచ్చే ప్రమాదం ఎక్కువ. ఇన్నాళ్ళూ తిరిగిన రకం పోయి కొత్త రకం దిగిందని ల్యాబ్ సీజన్ మొదట్లో చెబితే ఆసుపత్రులు మంచాలు సిద్ధం చేసుకుంటాయి. ఆ ముక్క సీజనయ్యాక నిగనిగలాడే వార్షిక నివేదికలో, నాలుగు రంగుల పటంగా వస్తే ఏం చేసుకోను? పోయిన పిల్లాడి ఫొటో పక్కన తగిలించమంటారా?

నా రిపోర్టు నాలుగో వారంలో వచ్చింది, దుప్పటి ఉతికి మడతపెట్టేశాక. "జ్వరం మొదలైన తేదీ లేనందున నిర్ధారించలేము. జ్వరం వచ్చిన 5 రోజుల్లోపు మళ్ళీ శాంపిల్ ఇవ్వగలరు." అది పట్టుకుని ఆ కుర్రాడి దగ్గరికే వెళ్ళాను.

"అయితే మీకు మళ్ళీ జ్వరం రావాలి సార్" అన్నాడు, చాలా మర్యాదగా.

"వస్తే ఈసారి తేదీ రాస్తావా బాబూ?"

"తప్పకుండా సార్" అంటూనే నా వెనక నిలబడ్డావిడ ఫారం అందుకున్నాడు. "జ్వరం ఎప్పట్నుంచమ్మా?"

"నిన్న రాత్రి నుంచి నాయనా, తొమ్మిది, తొమ్మిదిన్నరకి..."

రెండు గీతలు.