ఏమీ పెట్టలేదండీ

కోర్టులో అబద్ధం చెప్పేముందు కనీసం ప్రమాణం చేయిస్తారు. పెంపుడు జంతువుల ఎమర్జెన్సీ క్లినిక్ ఫ్రంట్ డెస్క్ దగ్గర ఆపాటి మర్యాద కూడా లేదు. హైదరాబాద్‌లో అలాంటి ఒక డెస్క్ వెనక రాత్రి డ్యూటీలు చేసిన అనుభవంతో, పూర్తి బాధ్యతతో ప్రకటిస్తున్నాను: ఈ నగరంలో ఏ కుక్కకూ ఎవరూ ఎన్నడూ ఏమీ పెట్టలేదు. అవి గాలి భోంచేసి బతుకుతున్నాయి.

"ఏం తిన్నదండీ?"

"ఏమీ పెట్టలేదండీ. ఉత్త పెరుగన్నం."

ఇది మొదటి వాంగ్మూలం. అంతలోనే సదరు కుక్క నా కౌంటర్ ముందు బిర్యానీ కక్కుతుంది, వేయించిన ఉల్లిపాయలతో సహా. వెంటనే రెండో వాంగ్మూలం: "పక్కింటివాళ్లు పెట్టి ఉంటారు." పక్కింటివాళ్లే లేకపోతే మన కాపురాలు ఎప్పుడో కూలిపోయేవి. ఉల్లిపాయ కుక్క రక్తంలో ఎర్ర కణాలను పగలగొడుతుందనీ, కిస్‌మిస్ కిడ్నీలను దెబ్బతీస్తుందనీ డాక్టరుగారు చెబుతుంటే, "మరి అంత ఇష్టంగా తింటుందే!" అని నాన్నగారు నోరు జారతారు. (నాన్నగారంటే కుక్కగారి నాన్నగారు. ఫారంలో 'యజమాని' అన్న మాట కొట్టేసి 'డాడీ' అని రాసినవారిని నేను ఎరుగుదును.)

ఈ అబద్ధాల సంతలో నిజం చెప్పేది ఒక్క చంటిపిల్లలే. "డాడీ, నువ్వే కదా చాక్లెట్ పెట్టావ్!" అని నిద్రకళ్లతో ఒక్క మాట అంటారు, కేసు తేలిపోతుంది. కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం: జంతువుతో పాటు ఆరేళ్లలోపు సాక్షిని తీసుకురావడం తప్పనిసరి చేయాలి. ఇంట్లో పిల్లలు లేనివారు పక్కింటివాళ్ల పిల్లల్ని తెచ్చుకోవచ్చు. ఎలాగూ నేరం వాళ్లదే కదా.

సొంత వైద్యం సంగతి వేరు. కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. చెయ్యి వేసి చూసి, జ్వరమని తేల్చేసి, ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మింగించి వస్తారు. పిల్లికి కూడా అదే. పిల్లి శరీరానికి ఆ మందును విరుగుడు చేసుకునే శక్తి లేదు, ఒక్క బిళ్ల చాలు ప్రాణం పోవడానికి. ఆ కేసు వచ్చిన రాత్రి నేను జోకులు వేయలేదు.

ఇక వరస. మా దగ్గర ముందొచ్చినవారికి ముందు చూడరు, ముందు పోయేలా ఉన్నవారికి చూస్తారు. గోరు విరిగిన లాబ్రడార్‌తో ఒకాయన కూర్చుని ఉండగా, పొద్దుటి నుంచి మూత్రం రాని మగపిల్లిని లోపలికి పంపాను. ఆయన లేచాడు. "పిల్లి కోసం కుక్కను ఆపుతారా? మాకు ఎమ్మెల్యేగారు తెలుసు!" తెలిసే ఉంటారు. కానీ మూసుకుపోయిన మూత్రనాళానికి ఏ నియోజకవర్గమూ ఉండదు. అంతసేపూ లాబ్రడార్ మాత్రం ఎంతో సభ్యతగా నా చెప్పు నాకుతూ కూర్చుంది.

బిల్లు చూశాక అందరికీ సొంతూరు గుర్తొస్తుంది. "మా మేనమామ గేదెకు బాగాలేదని సర్కారు పశువైద్య బండి నంబరు 1962కి ఫోన్ చేస్తే బండి ఇంటికే వచ్చింది, పైసా తీసుకోలేదు!" మీ పగ్ పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందండీ అని అడగాలని నోటిదాకా వస్తుంది. అడగను. రేటింగుల కాలం.

తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగింది.

"మేడం, మా బ్రూనో సాక్సు మింగాడు."

"ఎన్నండీ?"

"ఒక్కటే మేడం, ఒట్టు."

వెనక నుంచి ఒక బుల్లి గొంతు: "రెండు!"