డిక్కీ అడుగున తొమ్మిదేళ్లు ఉన్న స్టెప్నీ గారికి

గౌరవనీయులైన స్టెప్నీ గారికి,

నల్లగొండ నుంచి మీ పూర్వపు యజమాని నమస్కరించి వ్రాయు లేఖ. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మా ఊరి పశువుల కొట్టం రేకుల మీద ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉన్నారని తెలిసినా, అంతకు ముందు తొమ్మిదేళ్లు మా కారు డిక్కీ అడుగున అదనపు చక్రంగా గడిపిన చీకటి బతుకుతో పోలిస్తే అక్కడ కనీసం ఆకాశమైనా కనబడుతుంది కాబట్టి, మీరు కూడా క్షేమమేనని నమ్ముతున్నాను. సేవలో ఉన్నన్నాళ్లు ఒక్కసారి కూడా మీ మంచిచెడ్డలు అడగని మనిషి, సేవ ముగిశాక ఇంత పొడుగు ఉత్తరం రాయడం మీకు వింతగా తోచవచ్చు. మనుషుల విషయంలోనూ మా పద్ధతి ఇదే. బతికుండగా గడప తొక్కని వారే దశదినకర్మ నాడు మొదటి పంక్తిలో కూర్చుంటారు.

2016 దసరాకు కారు కొన్నప్పుడు దానిని నేరుగా చెర్వుగట్టుకు తీసుకుపోయి, జడల రామలింగేశ్వరుని సన్నిధిలో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. గుర్తుండకపోవడానికీ అవకాశం ఉంది, ఎందుకంటే ఆ సమయంలో మీరు కార్పెట్టు కింద ఉన్నారు. ఆ తరువాత ప్రతి దసరాకు ఆయుధపూజ చేశాము. స్టీరింగుకు పసుపు, అద్దానికి కుంకుమ, బానెట్టుకు బంతిపూల దండ, నాలుగు చక్రాలకు నాలుగు నిమ్మకాయలు. నకిరేకల్ మార్కెట్టుకు బస్తాల కొద్దీ నిమ్మకాయలు వచ్చే జిల్లా మాది. అయిదో చక్రానికి అయిదో నిమ్మకాయ కొనడం మాకు భారం కాదు, కానీ కారుకు అయిదో చక్రం ఒకటి ఉన్నదన్న ఆలోచనే తొమ్మిది దసరాలలో ఒక్క దసరాకు కూడా రాలేదు.

మీ మీద మాకు నమ్మకం లేదని మాత్రం అనుకోవద్దు. హైదరాబాదు పోతున్నా, వాడపల్లి పోతున్నా, ఎవరైనా “టైర్లు బాగున్నాయా?” అని అడిగితే “స్టెప్నీ ఉన్నది లే” అని జవాబు చెప్పేవాణ్ని. ఉన్నది అనడానికీ పనికి వస్తుంది అనడానికీ మధ్య ఎంత దూరం ఉందో కనగల్ దాటిన తరువాత తెలిసింది.

మొన్నటి యాసంగి కోతల కాలంలో దేవరకొండలో పెండ్లి. చీకటి పడే వేళ. కల్లాలు చాలక రైతులు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, సాయంత్రానికి వాటిని కుప్ప చేసి, నల్ల పట్టాలు కప్పి, పట్టాలు లేవకుండా అంచుల వెంట రాళ్లు పేర్చారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, దాని అంచున మట్టిరంగు రాయి. ఎదురుగా హెడ్‌లైట్లు దించని లారీ ఒకటి రాగానే నేను ఎడమకు తిప్పాను. రాయి తన పని తాను చేసింది. ముందు ఎడమ టైరు పక్కగోడ నాలుగు వేళ్ల పొడుగున కోసుకుపోయింది. మేకు గుచ్చుకుంటే పంక్చరు వేయవచ్చు, అంటే నేలను తాకే భాగానికి తగిలిన దెబ్బకు మందు ఉంది. పక్కగోడ తెగితే మందు లేదు, చక్రం మార్చడం ఒక్కటే దారి. రైతును తిట్టే నోరు నాకు లేదు. ఆరబెట్టే చోటు లేక అతడు రోడ్డెక్కాడు, చీకటిలో అరవై మీద నడపడానికి నాకు ఏ కారణమూ లేదు.

మిమ్మల్ని బయటికి తీయడానికి పట్టిన సమయంలో దేవరకొండలో మంగళసూత్రధారణ ముగిసిందని తరువాత తెలిసింది. మీ పైన కార్పెట్టు, కార్పెట్టు పైన ఇరవై అయిదు కిలోల బియ్యం సంచి, దాని పక్కన బత్తాయి బస్తా, పెండ్లికూతురికి పెట్టవలసిన ఇత్తడి బిందె, ఎప్పటివో పాత చెప్పులు, సగం వాడిన సున్నం డబ్బా, ఎవరి పెండ్లివో పంచక మిగిలిన శుభలేఖలు. వీటన్నిటినీ మా అత్తమ్మ పట్టుచీర కొంగు బిగించుకొని రోడ్డు పక్కన పేర్చుతుంటే, దారిన పోయేవారు మేము ఇల్లు ఖాళీ చేస్తున్నామని అనుకొని ఉంటారు. వెనక వచ్చే బండ్లకు తెలిసేలా 50 మీటర్లకు తక్కువ కాకుండా వెనక నిలబెట్టవలసిన ఎర్రని త్రికోణం ఎక్కడ ఉందని మా బావమరిది అడిగాడు. అది మీ కింద ఉంది. కంపెనీ వారు చుట్టిన ప్లాస్టిక్ కవరులో, పెండ్లికాని పిల్లలాగా, భద్రంగా ఉంది. ప్రమాదం గురించి హెచ్చరించే వస్తువును అందుకోవాలంటే ముందు ప్రమాదస్థలంలో అరగంట సామాను దించవలసి వచ్చే ఏర్పాటు చేసుకున్న తెలివి మాది. అంతసేపూ బావమరిది ఒక చేత్తో సెల్‌ఫోను లైటు, మరొక చేత్తో ఎర్ర తువ్వాల పట్టుకొని, రైల్వే గేటు మనిషిలాగా నిలబడ్డాడు.

జాకీ ఉంది, దానిని తిప్పే కడ్డీ లేదు. పక్కింటి వారు ఫ్రిజ్ లేపడానికి తీసుకుపోయి జాకీని మాత్రం తిరిగి ఇచ్చారు. పానా ఉంది, అయితే కిందటిసారి టైర్ల దుకాణంలో గాలితో తిరిగే తుపాకీ పెట్టి నట్లను ఎంత బిగించారంటే, పానా మీద నేను రెండు కాళ్లతో నిలబడి ఊగినా అవి కదలలేదు. ఇంతలో వడ్ల కుప్ప కాపలా ఉన్న రైతు లేచి వచ్చి, బోరు మోటారు విప్పే ఇనుప గొట్టాన్ని పానా చివరకు తొడిగి, కారును లేపక ముందే, చక్రాలు ఇంకా నేల మీద ఉండగానే ఒక్కొక్క నట్టును కొద్దికొద్దిగా వదులు చేశాడు. నేనైతే ముందు లేపి తరువాత విప్పబోయేవాణ్ని. గాలిలో ఉన్న చక్రం తిరుగుతుందే గాని నట్టు తిరగదని, ఆ గుంజులాటలో కారు జాకీ మీద నుంచి జారుతుందని నాకు తోచలేదు. హ్యాండ్‌బ్రేకు వేయించి, గేరులో పెట్టించి, జాకీ మట్టిలో దిగబడకుండా కింద ఒక బండ పరిచి, ఎదుటి మూలన ఉన్న వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాడు. ఆ రాయి ఏదో కాదు, టైరును కోసిన రాయే.

అప్పుడు మిమ్మల్ని దొర్లించుకొని వచ్చారు. రైతు బొటనవేలితో ఒక్కసారి ఒత్తి చూసి, “గిదేంది సారూ, గిండ్ల గాలే లేదు గద!” అన్నాడు.

ఆ మాటకు నాకు కలిగిన సిగ్గు మామూలుది కాదు. జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఏ టైరులోనైనా రబ్బరు గుండా గాలి నెలకు ఒక పాయింటు దాకా తనంతట తానే తగ్గుతుందని, చక్రం తిరిగినా తిరగకపోయినా ఈ లెక్క ఆగదని నాకు తెలియని విషయం కాదు. తొమ్మిదేళ్లంటే నూటికి పైగా నెలలు. ముప్పై చిల్లర పాయింట్లతో బయలుదేరిన మీరు మూడేళ్లకే చేతులెత్తేసి ఉంటారు. మిగిలిన ఆరేళ్లు నేను మోసుకు తిరిగింది గుండ్రటి రబ్బరు బరువును మాత్రమే.

మిమ్మల్ని ఒక యువకుడు బండి మీద ఒడిలో పెట్టుకొని, వెనక్కి కనగల్‌లో పంక్చరు దుకాణానికి తీసుకుపోయాడు. నేను వెంట వెళ్లాను. దుకాణం అతను గాలి కొట్టే ముందు మీ పక్కగోడను గుడ్డతో తుడిచి, కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న నాలుగు అంకెలు చూపించాడు. 2316. నేను ఆ అంకెలను ఏదో సరుకు నంబరు అనుకునేవాణ్ని. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు సంవత్సరం, అంటే 2016లో ఇరవై మూడో వారంలో మీరు పుట్టారని అతను చెప్పి, నా వెంట వచ్చిన మా కొడుకును చూసి, “బాబుకు ఎన్నేండ్లు సార్?” అని అడిగాడు. ఎనిమిది అన్నాను. “గీ టైరు బాబు కన్న పెద్దది సార్” అన్నాడు. గాలి నిండుతుంటే మీ ఒంటి మీద ఎండిన చెరువులో నెర్రెలు తేలినట్లు సన్నని పగుళ్లు తేలాయి. నలభై దాటకుండా పొమ్మని, సామాను తగ్గించుకొమ్మని, తెల్లారగానే మిమ్మల్ని మార్చమని చెప్పాడు. మేము దేవరకొండ చేరేసరికి అప్పగింతలు జరుగుతున్నాయి.

ఇక్కడ నా మరొక నేరం ఒప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట నాలుగు టైర్లూ మార్పించినప్పుడు, స్టెప్నీ కూడా మార్చమని దుకాణం అతను అంటే, “అది ఒక్క కిలోమీటరైనా నడవలేదు, కొత్తది కొత్తగానే ఉంది” అని నేను అతనికి పాఠం చెప్పాను. నడవని టైరుకు అరుగుదల ఉండదు గాని ముసలితనం ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్, వేడి, కాలం కలిసి రబ్బరును పెళుసు చేస్తాయి. అరుగుదలను కొలవడానికి గాడుల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న గట్లు ఉంటాయి, గాడి వాటి దాకా అరిగితే టైరు పని అయిపోయినట్టే. ముసలితనానికి అలాంటి గట్టు లేదు, ఆ నాలుగు అంకెలే ఆధారం. అయిదేళ్లు దాటాక ఏటా చూపించాలని, పదేళ్లు నిండితే స్టెప్నీతో సహా తీసివేయాలని పెద్ద టైరు కంపెనీలు చెబుతూనే ఉన్నాయి. పైగా మీరు మిగిలిన నాలుగింటి సైజే కాబట్టి, పదివేల కిలోమీటర్లకు ఒకసారి చక్రాలు మార్చి బిగించేటప్పుడు మిమ్మల్ని కూడా వరసలో కలుపుకొని ఉంటే, అయిదుగురూ సమానంగా అరిగేవారు. నేను మిమ్మల్ని పండుగ చీరలాగా దాచాను.

గాలి మాట వచ్చింది కాబట్టి, మీ నలుగురు తోబుట్టువులకు చేసిన అన్యాయం కూడా చెబుతాను. మా నల్లగొండలో వైశాఖ మాసంలో 44, 45 డిగ్రీల ఎండ కాస్తుంది. ఎండకాలం రాగానే బంకులో గాలి కొట్టే పిల్లవానికి, “నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టు, లేకుంటే వేడికి పేలుతయి” అని చెప్పడం మా వైపు అనుభవజ్ఞుల లక్షణం. ఉదయం తరగతిలో వాయు నియమాలు బోధించి, సాయంత్రం బంకులో ఈ మాట నేనూ అన్నాను. వేడికి పీడనం పెరగడం నిజమే. ఆరు డిగ్రీలకు సుమారు ఒక పాయింటు పెరుగుతుంది, అంటే ఉదయం నుంచి మధ్యాహ్నానికి మూడు పాయింట్లు. డ్రైవరు తలుపు తెరిస్తే కనబడే కాగితం మీద కంపెనీ వేసిన అంకె చల్లటి టైరుకు వేసినది, ఈ పెరుగుదలను లెక్కలో పెట్టుకొనే వేసినది. మనం గాలి తగ్గిస్తే పక్కగోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి, వంగిన కొద్దీ లోపల వేడి పుట్టి, ఏ పేలుడుకు భయపడి గాలి తగ్గించామో ఆ పేలుడుకే దారి వేస్తుంది. తెల్లవారి, బండి తీయక ముందు, ఆ కాగితం చూసి గాలి కొట్టించుకోవడానికి ఖర్చు కూడా లేదు, బంకులో గాలి ఉచితం. ఊరికే వచ్చేదాన్ని మేము ఊరికే వదిలిపెడతాము.

మీ వంశ చరిత్ర కూడా ఈ మధ్యనే తెలుసుకున్నాను. 1904లో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధిలో, డేవిస్ సోదరులు మీ మూలపురుషుణ్ని తయారుచేశారు. అప్పటి కార్లకు అదనపు చక్రమే ఉండేది కాదు. ఆకులు లేని వట్టి కమ్మీకి గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రం పక్కనే బిగించుకొని ఇల్లు చేరేవారట. ఆ వీధి పేరే మీ ఇంటిపేరయి, సముద్రాలు దాటి వచ్చి, నల్లగొండ గడియారం సెంటరులో పంక్చరు వేసే అతని నోటిలో స్థిరపడింది. 2020 జులైలో మన కేంద్ర ప్రభుత్వం, ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గితే డ్రైవరుకు చెప్పే ఏర్పాటు, టైరు బాగుచేసుకునే కిట్టు ఉన్న చిన్న ప్రయాణికుల కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని నిబంధన మార్చింది. డిక్కీలో చోటు మిగులుతుందని కొందరు సంతోషించారు. మిగిలిన చోటులో ఇంకొక బత్తాయి బస్తా పడుతుందని నేనూ సంతోషించేవాణ్నే. కానీ ఆ కిట్టులోని జిగురు మేకు పొడిచిన రంధ్రాన్ని మూయగలదు గాని, వడ్ల కుప్ప అంచు రాయి చీల్చిన పక్కగోడను కుట్టలేదు.

దేవరకొండ నుంచి వచ్చిన మరునాడే మిమ్మల్ని మార్పించాను. పారవేయడానికి చేతులు రాలేదు. ఊరికి తీసుకుపోతే మా నాన్న చూసి, “మంచిగున్నది, రేకుల మీద పెడదాం” అన్నాడు. గాలిదుమారం వస్తే రేకులు లేచిపోకుండా బరువు కావాలట. మాకు గాలి కావలసిన రాత్రి గాలి లేకుండా దొరికిన మీరు, ఇప్పుడు గాలిని ఆపే కొలువులో కుదిరారు. మొన్నటి గాలివానకు పక్క కొట్టం రేకులు పొలంలో పడ్డాయని, మావి కదలలేదని నాన్న ఫోను చేశాడు.

మీ స్థానంలో వచ్చిన కొత్త వారు చేరి అయిదు నెలలయింది. దినమూ చూస్తున్నారా అని మీరు అడుగుతారని తెలుసు. మొదటి నెలలో రెండు సార్లు చూశాను. ఎర్ర త్రికోణాన్ని తీసి సీటు కింద పెట్టాను, జాకీ కడ్డీ కొత్తది కొన్నాను, నట్లను తుపాకీతో కాకుండా చేత్తో, కంపెనీ చెప్పిన బిగువుకు, ఎదురెదురు వరసలో బిగించమని దుకాణంలో నిలబడి చెప్పాను. ఆ తరువాత బత్తాయి కోత మొదలయింది. రెండు బస్తాలు డిక్కీలో ఉన్నాయి, పెద్దక్క వాళ్లకు ఒకటి, మాకు ఒకటి. అవి దిగగానే వారి గాలి చూసి మీకు మళ్లీ ఉత్తరం రాస్తాను.

ఇట్లు
మీ పూర్వపు యజమాని,
నల్లగొండ