షిఫ్టులు ఉంచాలా, మాస్కు పెట్టాలా?

(ముందున్న ప్రతిపాదన అక్కది, ప్రోగ్రామ్‌ని ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చే కంపైలర్ గురించి: 32 బిట్ల సంఖ్య ఎక్స్‌ని ఎడమకి 8, గుర్తు లేని షిఫ్టుతో, అంటే ఖాళీల్లో సున్నాలు నింపేదానితో, కుడికి 8 జరిపితే, ఆ రెంటికీ బదులు ఎక్స్ & 16777215 అనే మాస్కు, అంటే కింది 24 బిట్లనే ఉంచే యాండ్, పెట్టి ఆప్టిమైజర్, అంటే కోడ్‌ని మెరుగుపరిచే కంపైలర్ భాగం, మార్చాలి. అక్క ఊరు బరంపురం, తమ్ముడి ఊరు పర్లాకిమిడి.)

అక్క: పై 8 బిట్లు అంచు దాటి పడిపోతాయి, వెనక్కొచ్చేటప్పుడు వాటి చోట సున్నాలొస్తాయి. కింది 24 ఎక్కడివక్కడే. రెండు ఇన్‌స్ట్రక్షన్ల పని ఒకటే చేస్తుంది. ఇంక అడ్డేటి?

తమ్ముడు: కుడి షిఫ్టు గుర్తున్నదైతే, అంటే ఖాళీల్లో గుర్తు చెప్పే పైఅంచు బిట్‌నే నింపేదైతే అక్కా? 8388608 తీసుకో, సున్నా నుంచి లెక్కిస్తే 23వ బిట్ ఒక్కటే ఒకటి. ఎడమకి 8 జరిపితే అది గుర్తు బిట్ అయి కూర్చుంటుంది. గుర్తుతో వెనక్కి తెస్తే మైనస్ 8388608. మాస్కు పెడితే ప్లస్. తప్పు కోడ్ బయటికి పోతుంది.

అక్క: అందుకే గుర్తు లేనిదని ముందే అన్నాను. నువ్వు చెప్పింది సైన్ ఎక్స్‌టెన్షన్, అంటే పై బిట్లలో గుర్తు బిట్‌నే నింపడం, దాని దారి వేరు.

తమ్ముడు: సరే, జరిపే అంకెలు వేరైతే? ఎడమకి 3, కుడికి 8. అది కుడికి 5, ఆపైన అదే మాస్కు అవుతుంది. రెండుకి రెండే. కానీ మధ్యలో వచ్చిన ఎక్స్ << 3 ని ఇంకొకరు వాడుతుంటే అది పోదు, మొత్తం మూడవుతాయి.

అక్క: అది నిజం. అంకెలు వేరైనప్పుడు, మధ్య విలువకి వాడకం ఒక్కటే ఉంటేనే మార్చాలి. సమానమైతే ఆ షరతు అక్కర్లేదు, ఎలాగూ లెక్క పెరగదు.

తమ్ముడు: 64 బిట్లలో చూడు. కింది 56 ఒకట్ల మాస్కు ఎక్స్86 ప్రాసెసర్ యాండ్‌లో పట్టదు, దాని ఇమీడియట్, అంటే ఇన్‌స్ట్రక్షన్‌లోనే రాసే సంఖ్య, 32 బిట్లే. రిజిస్టర్లోకి, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వలోకి, ఎత్తడానికే 10 బైట్లు, యాండ్‌కి 3. షిఫ్టులు రెండూ కలిపి 8. రిస్క్-వీ ప్రాసెసర్లో అయితే యాండ్ఐకి, అంటే ఇమీడియట్‌తో చేసే యాండ్‌కి, 12 బిట్లే, 24 బిట్ల మాస్కుకే ఇబ్బంది.

అక్క: ఆ ఖర్చు బ్యాకెండ్, అంటే ఒక్కో ప్రాసెసర్‌కి చివరి ఇన్‌స్ట్రక్షన్లు రాసే కంపైలర్ భాగం, చూసుకోవాలి, మాస్కు పట్టకపోతే తిరిగి షిఫ్టులు చెయ్యాలి. ఆర్మ్ 64 ప్రాసెసర్లో వరస ఒకట్లు ఒక్క యాండ్‌లోనే పడతాయి, అక్కడ షిఫ్టులెందుకు? ఆప్టిమైజర్ పనిచేసే మధ్య దశలో మాత్రం ఒకే రూపముండాలి. బరంపురమన్నా బ్రహ్మపూరన్నా ఊరొకటే, కానీ ఆప్టిమైజర్‌కి రెండు పేర్లూ నేర్పితే ప్రతి నియమం రెండేసిసార్లు రాయాలి. మాస్కుంటే, తర్వాత & 255 వచ్చినా రెండూ కలిసి ఎక్స్ & 255 అయిపోతాయి.

తమ్ముడు: బ్యాకెండ్ ఆ పని మరిచిపోతే కోడ్ పెరుగుతుంది కదక్కా.

అక్క: అయితే 64 బిట్ల టెస్ట్ రిస్క్-వీకి, ఎక్స్86కి ఈ మార్పుతోపాటే రాయి. రెండో వాడకమున్న కేసొకటి, గుర్తున్న షిఫ్టు కేసొకటి కూడా చేర్చు.